నీలం సుద్ద గీతలు

బండి తాళాలు నిన్న మధ్యాహ్నం నుంచీ భోజనాల బల్ల మీదే పడి ఉన్నాయి. వాటిని ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పొద్దున కాఫీ కప్పులు కూడా వాటికి దూరంగా, బల్ల అంచుకి జరుపుకుని తాగారు.

పెట్టినవాడు ఇంటి అల్లుడు. పదహారేళ్లుగా పాత కొట్టు నుంచి కొత్త కొట్టుకి చెప్పుల పెట్టెలు చేరవేస్తున్న మనిషి. "దారిలో పోయాయంటున్నారుగా. దారిలో ఉండేది నేనొక్కణ్ణే," అని ఒకే ఒక్క మాట అన్నాడు. తాళాలు బల్ల మీద పెట్టి, సగం అన్నంలోంచి లేచి, మేడమీద తన వాటాలోకి వెళ్లిపోయాడు. బండి కొత్త కొట్టు వెనక నిలబడి ఉంది. ఈరోజు మూడింటికి ఆయన సామాన్లకి లారీ వస్తుందట.

ఆ 'దారి' మాట పుట్టించింది కోడలు. కావాలని అనలేదు పాపం. రెండు కొట్ల సరుకునీ కంప్యూటర్లోకి ఎక్కించాలని జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూసింది. పందొమ్మిది జతలు పాత కొట్టు పుస్తకంలో పంపినట్టు ఉన్నాయి, కొత్త కొట్టు అరల్లో లేవు. అన్నాల దగ్గర ఆ మాటే చెప్పింది. అక్కడ బయల్దేరాయి, ఇక్కడికి చేరలేదు, అంటే దారిలోనే, అంది. నోరు జారాక నాలిక కరుచుకుంటే ఏం లాభం?

"కంప్యూటర్ ఆయన ఏమన్నాడు?" అత్తగారు కప్పు కింద పెడుతూ అడిగింది.

"ఇవాళ చెప్పెయ్యమన్నాడు అత్తయ్యా. ఒకంచె పద్ధతా, రెండంచెలదా అని. ఒకసారి పెట్టాక ఏడాది మధ్యలో మార్చడం కుదరదట."

"నాకు మళ్లీ చెప్పు. నిన్న సరిగా వినలేదు."

"ఒకంచె అయితే, మీరు పాత కొట్టులో పంపినట్టు నొక్కగానే కొత్త కొట్టుకి చేరిపోయినట్టే. రెండంచెలైతే, పంపిన సరుకు దారిలో ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడ దించుకున్న మనిషి పెట్టెలు విప్పి, చూసి, అందాయని నొక్కితేనే చేరినట్టు."

"అంతవరకూ?"

కోడలు తాళాలకేసి చూసింది. "అంతవరకూ తెచ్చే మనిషి పూచీ."

"ఇంటల్లుడి దగ్గర పూచీ రాయించుకోవాలా నేను?"

"రాయించుకోనవసరం లేదు అత్తయ్యా. నిన్న ఆయన లేస్తుంటే కూర్చోండి అంటే సరిపోయేది."

అత్తగారు ముప్ఫై ఏళ్లు చెప్పుల కొట్టు నడిపిన మనిషి. వచ్చినవాళ్ల మొహం చూడకముందే పాదం చూసి సైజు చెప్పేస్తుంది. నిన్న మాత్రం ఎదురుగా కూర్చున్న అల్లుడి మొహం చూడలేకపోయింది.

"నేను మనుషుల్ని పనిలోంచి తీసేసింది రెండింటికే," అంది. "ఒకటి దొంగతనం. రెండోది జత విరవడం. దొంగిలించినవాడు ఏడ్చి కాళ్లావేళ్లా పడితే మళ్లీ పనిలో పెట్టుకున్నాను. జత విరిచినవాడు పన్నెండేళ్లు నా దగ్గర చేశాడు. వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు."

ఈ కథ కోడలికి కంఠతా వచ్చు. ఎవరో పాదాలు సమంగా లేని మనిషి వస్తే, ఒక సైజులో ఎడమదీ ఇంకో సైజులో కుడిదీ కలిపి ఇచ్చేశాడట ఆ గుమాస్తా. మిగిలిన రెండూ ఎవరికీ పనికిరాక అటూ ఇటూ దొర్లాయట. ఒంటి చెప్పుకి గిరాకీ లేదు, అలాంటివి పేరుకుంటే కొట్టు కొట్టే మునుగుతుంది అన్నది అత్తగారి వేదం. "నా కడుపున పుట్టినవాడు చేసినా సరే, గద్దె దిగాల్సిందే," అని కొత్త కొట్టు తెరిచి కొడుకుని గద్దె మీద కూర్చోబెట్టిన రోజున అతని ముందే అంది. అందరూ నవ్వారు. కొడుకు కూడా నవ్వాడు.

"నీ ఇష్టం," అని లేచింది అత్తగారు. "ఆ పద్ధతేదో నువ్వే తేల్చు. మొదలుపెట్టిందానివి నువ్వే."

మేడమీద వదిన, అల్లుడి భార్య, గిన్నెలు పాత దుప్పట్లో మూట కడుతోంది. కోడలు గుమ్మంలో నిలబడినా తలెత్తలేదు. లోపల అల్లుడు మంచం మరలు విప్పి ఒక్కొక్కటే రేకు డబ్బాలో వేస్తున్నాడు.

"వదినా, నేను అన్నయ్యగారిని అనలేదు."

మూట ముడి బిగిసింది.

"సరుకు సంగతి చెప్పానంతే. బయల్దేరాయి, చేరలేదు అన్నాను."

"ఆ రెండింటికీ మధ్యన ఎవరుంటారో నీకు తెలీదూ?"

"తెలుసు. అన్న తర్వాత తెలిసింది."

వదిన ఇంకో దుప్పటి పరిచింది. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చింది. మాట్లాడితే బాగుండు, తిట్టినా బాగుండు అనిపించింది కోడలికి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తగారి కోపానికి అడ్డం నిలబడింది ఈ వదినే.

"రెండంచెలదే పెట్టించమ్మా," అన్నాడు అల్లుడు లోపల్నుంచి. గొంతులో కోపం లేదు. "మంచి పద్ధతి. ఎప్పుడో పెట్టాల్సింది."

"మరి మీరెందుకు వెళ్లిపోతున్నారు అన్నయ్యగారూ?"

ఇంకో మర డబ్బాలో పడింది.

గ్లాసులు వదిలేసి వదిన లేచింది. కొక్కానికి వేలాడుతున్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, అరంగుళం నీలం సుద్దముక్క తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"రెండంచెలు మీ కంప్యూటరు ఇవాళ కనిపెట్టిందా? పెట్టె బండి ఎక్కించేటప్పుడు దాని అడుగున ఒక గీత పెడతారు ఈయన. అక్కడ మీ ఆయన చేతికిచ్చాక దాని మీద అడ్డగీత కొడతారు. పదహారేళ్లుగా ఇదే పని. ఎవరూ చెయ్యమనలేదు, ఈయనా ఎవరికీ చెప్పలేదు. ఆ చొక్కాల నీలం వదలగొట్టలేక నా చేతులు అరిగాయి."

"ఊరుకో," అన్నాడు అల్లుడు.

"ఊరుకునే ఇంతదూరం వచ్చింది."

కోడలు సుద్దముక్క వైపు చూస్తూ ఉండిపోయింది. "అన్నయ్యగారూ, ఆ పందొమ్మిదింటికీ అడ్డగీత కొట్టారా?"

ఆయన రేకు డబ్బా పక్కకి జరిపాడు. "కొట్టానో లేదో పెట్టెలు చెప్పాలి. నేను చెబితే ఎవరు నమ్ముతారమ్మా?"

"పెట్టెలు ఉంటే కదా."

అప్పుడు తలెత్తి చూశాడాయన. ఆ చూపులో నింద లేదు. జాలి ఉంది. దొంగ అనిపించుకున్నవాడు తన మీద జాలి పడటమేమిటో కోడలికి అర్థం కాలేదు. ఆయన మళ్లీ మంచం మీదకి వంగాడు.

రెండు దాటాక ఆమె కొత్త కొట్టుకి నడిచి వెళ్లింది. దారంతా ఆ చూపే వెంట వచ్చింది.

అది భోజనాల వేళ. అమ్మకాల మనుషులిద్దరూ బయటికి వెళ్లారు. గాజు అరల్లో ఒంటికాలి బూట్లు వరసగా నిలబడి ఉన్నాయి. గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోంది. రెండు కొట్లలోనూ గడియారాలు అలాగే నడవాలని అత్తగారి ఆజ్ఞ. ఆలస్యంగా వచ్చే పనివాళ్లకి బుద్ధి రావాలని పెట్టింది గానీ, అందరూ ఆ పదీ తీసేసి చూడటం నేర్చుకున్నారు.

భర్త గద్దె మీద కూర్చుని ఏదో రాస్తున్నాడు. ఆమె మాట్లాడకుండా అర దగ్గరికెళ్లి ఒక పెట్టె తీసి తిరగేసింది. అడుగున నీలం గీత, దాని మీద అడ్డంగా ఇంకోటి. ఇంకో పెట్టె తీసింది. ఇంకోటి. పదిదాకా తిరగేసింది. ఆరేళ్లుగా ఈ కొట్టులో వారానికి నాలుగు రోజులు కూర్చుంటోంది. ఒక్కసారీ పెట్టె అడుగు చూడలేదు. సిగ్గేసింది.

"ఏం వెతుకుతున్నావు?"

"అన్నయ్యగారు ప్రతి పెట్టెకీ గుర్తు పెడతారట. మీ చేతికిచ్చాక కొట్టేస్తారట. మీకు తెలుసా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చూపు తిన్నగా అటక మీదికి పోయింది. పోయిన చూపుని వెంటనే వెనక్కి తీసుకున్నాడు కానీ, ఆమె చూసేసింది.

"అటక మీద లెక్కపెట్టామా మనం?"

"అక్కడేముంది? పాత బోర్డులు, ఎలుకలు. లెక్కప్పుడు నేనే ఎక్కి చూశాగా."

ఆమె మూలనున్న నిచ్చెన లాక్కొచ్చింది.

"నీకు కళ్లు తిరుగుతాయి. ఎక్కకు."

"తిరిగితే పట్టుకోండి."

ఆయన పట్టుకున్నది నిచ్చెనే. పట్టుకోక ఏం చేస్తాడు? భార్య పడిపోతుందని భయం ఒకవైపు, ఎక్కుతుందని భయం ఇంకోవైపు.

అటక మీద దుమ్ము, పాత కొట్టు బోర్డు ఒకటి. బోర్డు వెనక దుమ్ము లేదు. అక్కడ పెట్టెలు మూడు దొంతర్లుగా, అంచులు కలిసేలా పేర్చి ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టింది. పందొమ్మిది. పైదాన్ని తిరగేసింది. గీత, అడ్డగీత. రెండోది తిరగేసింది. గీత, అడ్డగీత.

ముందు సంతోషం పొంగుకొచ్చింది. అన్నయ్యగారు దించారు, అన్నీ దించారు, ఇప్పుడే పరిగెత్తి వదినకి చెప్పాలి అనుకుంది. అప్పుడు పెట్టె మీద అంటించిన చీటీ కనబడింది. గుండ్రటి అక్షరాలు, భర్తవే. ఎడమ 8, కుడి 6, నలుపు. మూత తీసింది. పక్కపక్కన పడుకోబెట్టిన చెప్పుల్లో ఒకటి అన్న, ఒకటి తమ్ముడు.

"జత విరిచారా?" అంది కిందికి చూడకుండా.

"మెల్లగా."

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లు." కింద నుంచి ఆయన గొంతు సన్నగా వచ్చింది. "మొదట ఒక టీచరమ్మ. బావే తీసుకొచ్చాడు. చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమ పాదం రెండు సైజులు చిన్నదిగా ఉండిపోయిందట. ఏటా రెండు జతలు కొని, చెరొకటీ తొడుక్కుని, మిగతా రెండూ పారేస్తానంది. పారేసేటప్పుడు ఎవరైనా చూస్తారేమోనని సంచిలో చుట్టి పారేస్తుందట. వినలేకపోయాను. ఒక జత ధరకే కలిపి ఇచ్చేశాను. ఆవిడ ఇంకొకాయన్ని పంపింది."

"అంతమంది ఉంటారా?"

"నేనూ అనుకోలేదు. ఉన్నారు. అడగరంతే."

ఆమె చీటీలు ఒక్కొక్కటే చూసింది. ఎడమ 8, కుడి 7. ఎడమ 9, కుడి 6.

"ఇవేం చేద్దామని దాచారు?"

"వీటికి సరిపోయేవాళ్లు కూడా ఉంటారు కదా. ఒకరికి ఎడమ చిన్నదైతే ఇంకొకరికి కుడి చిన్నది. నలుగురు దొరికారు. లేకపోతే ఇరవై మూడు ఉండేవి."

ఆ మాట ఆయన కాస్త గర్వంగానే అన్నాడు. వేరే రోజైతే ఆమె నవ్వేది, ఆ నలుగురి కథలూ చెప్పించుకునేది. ఇలాంటి మనిషిని కట్టుకున్నందుకు సంతోషించేది కూడా.

"అత్తయ్యకి చెప్పాల్సింది."

"ఒక్క జతకి పన్నెండేళ్ల మనిషిని పంపేసింది అమ్మ. నాకు ఈ కొట్టు తప్ప ఇంకేం చేతవును?"

"అన్నయ్యగారికి అంతా తెలుసా?"

కింద నిచ్చెన కాస్త కదిలింది.

"నిన్న బల్ల దగ్గర కూడా తెలుసా?"

"తెలుసు. చెప్పేస్తాడేమోనని భయపడ్డాను. చెప్పలేదు."

"మీరూ చెప్పలేదు."

నిన్న ఆ బల్ల దగ్గర నిజం తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన తాళాలు పెట్టి లేచాడు. రెండో ఆయన తల దించుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఆ ముద్ద కలిపిన చెయ్యి ఆమెకి కళ్ల ముందు కనిపించింది. ఇన్నేళ్లలో మొదటిసారి భర్త మీద అసహ్యం లాంటిది కలిగింది. కలిగినందుకు ఏడుపూ వచ్చింది.

నడుం దగ్గర దోపుకున్న ఫోన్ మోగింది. కంప్యూటర్ ఆయన.

"ఒకంచెదే చెప్పు," అన్నాడు భర్త గబగబా. "ఒకంచె అయితే పంపగానే చేరినట్టే. ఎవరూ ఎవర్నీ అడగరు. పాత పందొమ్మిదీ తడిసి పాడయ్యాయని రాసేద్దాం. బావ మీదా మాట ఉండదు, నా మీదా ఉండదు. ఇకపై విరవను, ఒట్టు."

ఎంత తేలికగా ఉందో ఆ దారి. ఒక్క మాటతో లారీ వెనక్కి పోతుంది, గద్దె గద్దెలాగే ఉంటుంది. పాడయ్యాయంటే అత్తగారు నాలుగు రోజులు సణుగుతుంది. కానీ పాడైన సరుకుని ఎవరు తడిపారని అడిగితే, మళ్లీ బండివైపే చూస్తారు అందరూ. నింద పోదు, మాసిపోతుందంతే. మాసిన చొక్కా తొడుక్కుని అన్నయ్యగారు ఇంకో పదహారేళ్లు మొయ్యాలి.

ఆమె ఫోన్ ఎత్తింది. "రెండంచెలదే పెట్టండి."

"సరేనమ్మా. కొత్త కొట్టులో సరుకు విప్పి చూసి, అందిందని నొక్కే మనిషి ఒకరుండాలి. ఎవరి పేరు రాయమంటారు?"

ఆమె నోరు తెరిచేలోపు కింద గాజు తలుపు చప్పుడైంది.

"ఎవరూ లేరేంటి కొట్లో?" అత్తగారి గొంతు. దాంతోపాటు తాళాల గలగల. "ఈ తాళాలు బల్ల మీద చూడలేక తెచ్చేశాను. ఇకనుంచి బండి ఎవరు నడుపుతారో తేల్చుకుందాం. ఆ నిచ్చెనేమిటి మధ్యలో? పైన ఎవరు?"

"ఎవరూ లేరమ్మా," అన్నాడు కొడుకు. "పాత బోర్డు దించుదామని నేనే వేశాను."

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికొకడు. ఈయన అబద్ధమాడింది తను ఎక్కిన చెట్టు గురించి కూడా కాదు, భార్య ఎక్కిన అటక గురించి.

పైన ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. కదలకుండా కూర్చుంటే చాలు. అత్తగారు రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతుంది. తన ఇల్లు, తన పిల్లల చదువు, అన్నీ ఆ గద్దె మీదే నిలబడి ఉన్నాయి. కిందనున్న మనిషి చెడ్డవాడు కాడు. మంచిపనికే ఇంత చేశాడు. ఈ మాటలన్నీ ఆమె మనసులో వరసగా వచ్చాయి. వాటి వెనకాలే నీలం మరకలు ఉతుకుతున్న వదిన చేతులు వచ్చాయి.

ఆమె పెట్టెలోంచి ఎడమది తీసి, అటక అంచు మీంచి కిందికి వదిలింది.

చెప్పు అత్తగారి పాదాల దగ్గర బోర్లా పడింది. ఆవిడ పైకి చూడలేదు. కొడుకు వైపూ చూడలేదు. వంగి తీసుకుంది. కళ్లజోడు కోసం వెతుక్కోకుండా అడుగున ఉబ్బెత్తు అంకె మీద బొటనవేలు ఆడించింది.

"ఎనిమిది," అంది. తర్వాత అటక వైపు చెయ్యి చాపింది. "రెండోది ఇవ్వు."

కోడలు నిచ్చెన మీద రెండు మెట్లు దిగి కుడిది అందించింది. అత్తగారు దాని మీదా వేలు ఆడించింది. రెండింటినీ గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"పెట్టె."

పెట్టె ఇచ్చింది. అత్తగారు చీటీ చదివింది. కొడుకు రాత ఆవిడ నేర్పిందే. పెట్టె తిరగేసి అడుగు చూసింది.

"ఇదేమిటి ఈ నీలం?"

"అన్నయ్యగారి గుర్తు అత్తయ్యా. ఎక్కించినప్పుడు ఒక గీత, ఇక్కడ దించి చేతికిచ్చాక ఇంకో గీత. కొట్టులో ఉన్న ప్రతి పెట్టెకీ ఉంది."

"ఇలాంటివి ఎన్ని పైన?"

"పందొమ్మిది."

కొడుకు "అమ్మా" అన్నాడు. ఆవిడ విననట్టే ఆ గీతల మీద వేలితో రుద్దింది. నీలం కాస్త వేలికి అంటింది. ఆ వేలిని చూసుకుంటూ నిలబడింది. ముప్ఫై ఏళ్లలో ఎవరి ముందూ వంగని నడుము ఆ నిమిషంలో కాస్త వంగినట్టు కోడలికి అనిపించింది.

"అల్లుడి లారీ ఎన్నింటికి?"

"మూడింటికి."

ముగ్గురూ గోడ గడియారం వైపు చూశారు. మూడూ అయిదు చూపిస్తోంది. పదీ తీసేస్తే ఇంకా అయిదు నిమిషాలు. బండిలో వెళ్తే ఇంటికి సరిగ్గా అంతే దూరం.

అత్తగారు తాళాలు గాజు బల్ల మీద, ఆ ఎచ్చుతగ్గుల చెప్పుల పక్కన పెట్టి కొడుకు వైపు జరిపింది.

"బండి తియ్యి. గద్దె సంగతి తర్వాత. ముందు మీ అక్క ఎదురుగా నిలబడి, ఆ పందొమ్మిదీ ఎవరి చేతికి అందాయో నువ్వే చెప్పు."

కోడలి ఒళ్లోంచి చేతిలోకి మారిన ఫోన్లో కంప్యూటర్ ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడు. ఎవరి పేరు రాయమంటారమ్మా అని మళ్లీ అడుగుతున్నాడు.

తాళాలు బల్ల మీదే ఉన్నాయి. భర్త చెయ్యి ఇంకా నిచ్చెనని వదల్లేదు.